ఎల్లాజీ అనని మాటలు

పెట్టె మధ్యాహ్నం పూట మూగబోతోందని కాశమ్మ ఫోన్ చేసినప్పుడు, అదంత పెద్ద సంగతని హైమవతి అనుకోలేదు. విశాఖపట్నం ఎండలు, పైన రేకుల కప్పు, గాలాడని గది. యంత్రం వేడెక్కి కాసేపు ఆగిపోవడం మామూలే. పనిముట్ల సంచీ స్కూటర్‌కి తగిలించుకుని పెదజాలరిపేటకి బయల్దేరింది.

కాశమ్మ భర్త ఎల్లాజీ మరబోటు సరంగు. రెండేళ్ళ కిందట నడిసముద్రంలో వేటలో ఉండగా, చుక్కాని పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూలబడిపోయాడు. మెదడు అడుగుభాగంలో నెత్తురు గడ్డకట్టింది. ఒడ్డుకు చేర్చేసరికి ప్రాణం దక్కింది, తెలివి దక్కింది, చెవులు దక్కాయి. ఒళ్ళు మాత్రం నాలుకతో సహా బిగుసుకుపోయింది. కదిలేవల్లా కనురెప్పలే. చాలాకాలం ఆ మొగుడూపెళ్ళాల సంసారమంతా రెప్పల మీదే నడిచింది. ఆమె అడిగేది, ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు అతను రెప్ప కొట్టేవాడు.

తర్వాత 'గళం' వచ్చింది. డాక్టర్ పరాంకుశం ప్రయోగశాలలో తయారైన యంత్రమది. మెదడులో మాట పుట్టేచోట దోమతెరకన్నా పల్చటి వల ఒకటి పరుస్తారు. మనిషి ఏదైనా అనబోయినప్పుడు నాలుకకి వెళ్ళాల్సిన ఆజ్ఞని ఆ వల పట్టుకుంటుంది. చెవి వెనక ఉన్న సాకెట్ నుంచి తీగ ద్వారా మంచం పక్కన ఉన్న పెట్టెలోకి చేరుస్తుంది. పెట్టె దాన్ని మాటగా మార్చి పైకి పలుకుతుంది. వేటకెళ్ళినప్పుడు ఎల్లాజీ ఇంటికి పంపిన పాత ఫోన్ రికార్డింగుల నుంచి పెట్టె అతని గొంతు నేర్చుకుంది. అందుకని వినేవాళ్ళకి అచ్చం ఎల్లాజీ మాట్లాడినట్టే ఉంటుంది.

ఇలాంటి పెట్టెలు మరికొన్ని ఇళ్ళలో కూడా ఉన్నాయి. వాటి బాగోగులు చూడటం హైమవతి ఉద్యోగం. లోపల నడిచేది యూనిక్స్ కోవకు చెందిన ఆపరేటింగ్ సిస్టమ్. ఏ ప్రోగ్రామ్ మొరాయించినా, ఏ కార్డు అలిగినా ఆమె వెళ్ళి సంగతేమిటో చూడాలి. మిగతా ఇళ్ళకి పనిమీదే వెళ్ళేది కానీ, ఎల్లాజీ ఇంటికి మాత్రం దారిలో ఉన్నా ఆగేది. కిందటేడు తండ్రి పోయి దిగులుగా తిరుగుతున్న రోజుల్లో, సంగతి విని ఆ మంచం మీది మనిషి, "నాను లేనా తల్లీ, నీ బాబులాంటోణ్ణి" అన్నాడు. ఆ మాట ఆమె మర్చిపోలేదు.

వచ్చే సోమవారం ఎల్లాజీకి రెండో ఆపరేషన్. ఈసారి వల ఇంకా లోతుకి వెళ్తుంది. ఫలిస్తే కుడిచెయ్యి కదలొచ్చు. వికటిస్తే మనిషి దక్కకపోవచ్చు. ఆ సంగతి డాక్టర్లు దాచకుండా చెప్పారు. "నా పేణం మీ సేతుల్లో ఎట్టినాను బాబూ" అని గళం అందరి ముందూ సమాధానం చెప్పింది.

"రామ్మా. ఎండన పడొచ్చినావు" అంటూ కాశమ్మ ఎదురొచ్చింది. "నిన్న మజ్జాన్నం మాటాడతా మాటాడతా ఆగిపోనాది. మల్లీ కాసేపటికి దానంతటదే లేచి, గుక్క తిప్పుకోకుండా మాటాడీసినాది. వచ్చే వారం ఆపరేసను గదా. దానికేటీ అవ్వకూడదని నిన్ను పిలిసినాను."

"వచ్చినావా హైమమ్మా. ముందు మంచినీళ్ళు తాగు" అంది పెట్టె ఎల్లాజీ గొంతుతో.

"తాగుతాను బాబాయ్" అని హైమవతి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఎల్లాజీ రెప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"కళ్ళు మండుతున్నాయేమో, ఎప్పుడూ అలగే కొట్టుకుంటాయి" అంది కాశమ్మ. సీసా తీసి రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసింది. "డాక్టరు బాబు రాసినారు. వేస్తున్నా తగ్గట్నేదు." అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

హైమవతి లాప్‌టాప్ తీసి పెట్టెకి తగిలించింది. నల్లటి తెర మీద ఒక్కొక్క ఆజ్ఞ కొడుతూ చూసుకుంటూ వచ్చింది. ఆమె అనుకున్నంత వేడి లేదు. మెమరీ సగానికి పైగా ఖాళీగానే ఉంది. డిస్క్ నిండలేదు. ఏ ప్రోగ్రామూ గింజుకోవడం లేదు. అంతా సవ్యంగా ఉందని యంత్రం చెప్పినప్పుడు ఆమెకి అనుమానం ఇంకా పెరుగుతుంది. సిస్టమ్ అంతర్భాగం ఎప్పటికప్పుడు పంపే సందేశాలు పైకి తెప్పించింది. సంకేతాలు అందుకునే కార్డు ఊడింది, తగిలింది, ఊడింది, తగిలింది. నెలల తరబడి అదే వరస.

'అయితే ప్రోగ్రామ్‌లో కాదు, తీగలోనో సాకెట్‌లోనో ఉంది' అనుకుంది. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు కాబట్టి ముందు తీగ సంగతి చూద్దామని, ఎల్లాజీ చెవి వెనక నుంచి దాన్ని మెల్లగా లాగింది. తీగ చివర ఉన్న సన్నటి సూదులకి పచ్చటి చిలుము పట్టి ఉంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు. ఉప్పుగాలి ఇనప తలుపుల్నే తినేస్తుంటే, వెంట్రుకంత సూదులు ఎంతకాలం ఆగుతాయి. తేలిగ్గా దొరికిందిలే అనుకుని, సంచీలోంచి బ్రష్షు తీసుకుంది.

"కాశమ్మా, తినీసినావా?" అన్నాడు ఎల్లాజీ.

"తింటాను మావా. ముందు అమ్మాయికి టీ ఇయ్యనీ" అంది కాశమ్మ వంటింట్లోంచి.

"నువ్వు తినకుండా తిరిగితే నాకు బెంగగా ఉంటాది."

హైమవతి చెయ్యి ఆగిపోయింది. తీగ ఆమె ఎడమచేతిలో ఉంది. దాని కొస గాలిలో వేలాడుతోంది.

ఇందాక ఎల్లాజీ అనుకున్న మాటలేవో పెట్టెలో నిలవుండి ఇప్పుడు బయటికి వస్తున్నాయేమో అనిపించింది.

"ఏటి మావా, ఇయ్యాల మరీ గారం సేస్తన్నావు" అని కాశమ్మ నవ్వింది.

"గారం కాదే. నువ్వున్నావని గదా నాను బతికున్నాను" అంది పెట్టె.

అది నిలవున్న మాట కాదు. కాశమ్మ ఇప్పుడు అన్నదానికి ఇప్పుడు వచ్చిన జవాబు. అయితే అది మంచం మీది మనిషి నుంచి రాలేదు.

గళంలో 'ఊహ' అని ఒక భాగం ఉంది. సంకేతం బలహీనంగా ఉండి మాట మధ్యలో తెగితే, గదిలో వినబడే మాటల్ని బట్టి ఆ ఖాళీని తగిన అక్షరంతో నింపడం దాని పని. వేలమంది ఇళ్ళలో మాట్లాడుకునే మాటలు విని నేర్చుకుంది. మొదట్లో అక్కడో అక్షరం, ఇక్కడో మాట నింపేది. పెట్టెలు నత్తనడక నడుస్తున్నాయని అన్ని ఇళ్ళవాళ్ళూ అడగడంతో, కిందటేటి అప్‌డేట్‌లో ఊహకి ఇంకాస్త స్వేచ్ఛ ఇచ్చారు. సంకేతం ఎంత తగ్గితే ఊహ అంత పెరగాలి. ఎక్కడ ఆగాలో మాత్రం ఎవరూ రాయలేదు. తీగకి చిలుము పట్టి సంకేతం పూర్తిగా పోయినప్పుడు, అది కూడా బలహీనమైన సంకేతమేననుకుని ఊహ మొత్తం వాక్యాలు తనే అల్లేసుకుంది.

ఆమె వంగి, ఎల్లాజీ మొహంలోకి చూసింది. "బాబాయ్, ఇప్పుడు మాట్లాడింది మీరేనా?"

రెప్పలు కొట్టుకోవడం ఆగింది. కాసేపు ఆ కళ్ళు ఆమె మీదే నిలిచాయి. తర్వాత నిదానంగా ఒకసారి, రెండోసారి రెప్ప పడింది. కాదు.

"నిన్నా?"

కాదు.

"ఆపరేషన్‌కి సరే అన్నది మీరేనా?"

కాదు. కాదు. కాదు. రెప్పలు పడుతూనే ఉన్నాయి. చెంపల మీదుగా దిండు మీదికి నీళ్ళు కారాయి. అతను ఇన్నాళ్ళూ చెబుతున్నది ఇదేనని హైమవతికి అర్థమైంది. నోరున్న మనిషి రెప్పల వంక ఎవరు చూస్తారు? కళ్ళ జబ్బు అనుకుని చుక్కల మందు వేశారు.

కాశమ్మ టీ తెచ్చింది. హైమవతి తీగని తిరిగి తగిలించి, ఒక సామాను తేవాలి, మళ్ళీ వస్తాను అని చెప్పింది. లేవబోతూ ఎల్లాజీ చెవి దగ్గర మాత్రం, "నేను తిరిగొస్తాను. నన్ను నమ్ముతారా?" అంది.

చాలాసేపటికి ఒక్క రెప్ప పడింది.

*

ప్రయోగశాలలో డాక్టర్ పరాంకుశం సోమవారం ఆపరేషన్‌కి కావలసిన చిత్రాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎంత ఒత్తిడిలో ఉన్నా గొంతు పెంచని మనిషి. హైమవతి అలమరలోంచి ఇంకో పెట్టె తెచ్చి, ఎల్లాజీ పెట్టెలోంచి లాప్‌టాప్‌లోకి దించుకొచ్చినవన్నీ దానిలోకి ఎక్కించి, ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"దీనికి ఎవరినీ తగిలించలేదు సార్. తీగే లేదు. మీరు మాట్లాడి చూడండి."

ఆయన ఆమె మొహం చూసి, ప్రశ్నలు వేయకుండా పెట్టె వైపు తిరిగాడు. "ఏం ఎల్లాజీ, ఎలా ఉన్నావు?"

"మీ దయవల్ల బాగానే ఉన్నాను బాబూ. మీరు భోంచేసినారా?"

"ఆపరేషన్ గురించి భయంగా ఉందా?"

"భయమేటికి బాబూ. నా పేణం మీ సేతుల్లో ఎట్టినాను."

పరాంకుశం కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ అవతల ఎవరో అంబులెన్స్ కడుగుతున్నారు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"అవే మాటలు" అన్నాడు చివరికి. "అందరి ముందూ అన్నవి అవే మాటలు. ఆ మాట నమ్ముకుని ఆ మనిషి పుర్రె తెరవబోయాను."

"తీగకి చిలుము పట్టకపోతే ఇంతదాకా వచ్చేది కాదు సార్."

"చిలుము పట్టింది కాబట్టి బయటపడింది, హైమా. పట్టని ఇళ్ళలో ఎంతవరకు మనిషో, ఎక్కణ్ణించి యంత్రమో నువ్వు చెప్పగలవా?"

హైమవతి బల్లమీది పెట్టె వంక చూసింది.

"వేగం పెంచమని చెప్పింది నేను" అన్నాడాయన. "కాశమ్మ ఒకరోజు ఏమందో తెలుసా? మాటకీ మాటకీ మధ్య మనిషి చచ్చిపోయినట్టుంటుంది, ఆ ఎడం భరించలేకపోతున్నాను బాబూ అంది. విన్నాక ఊరుకోలేకపోయాను." చిత్రాలన్నీ పోగుచేసి కవర్లో పెట్టేశాడు. "సోమవారం ఆపు చేయిస్తాను. ఆవిడకి ఫోన్లో చెప్పే సంగతి కాదిది. పద, ఇద్దరం వెళ్దాం."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. హైమవతి పెట్టె ఆపబోయింది.

"హైమమ్మా, అలగున్నావేటి తల్లీ?" అంది పెట్టె. "నాను లేనా."

అచ్చం ఆ గొంతే. తండ్రి పోయిన రోజుల్లో ఆమెని నిలబెట్టిన గొంతు. వేలు స్విచ్ మీద ఉంచి ఒక నిమిషం అలాగే నిలబడింది. తర్వాత ఆపేసింది.

*

పరాంకుశం నేలమీద చాపమీదే కూర్చుని, కాశమ్మకి అంతా విడమరిచి చెప్పాడు. ఎక్కడా తప్పించుకోలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. విన్నాక మొదట కోపగించుకుంది.

"ఆయనే మాటాడతన్నాడు బాబూ. మా అత్త పేరు సెప్పినాడు. బోటు పేరు సెప్పినాడు. మిసనుకెలగ తెలుస్తాది?"

"ఫోన్ రికార్డింగుల్లో ఉన్నాయి పిన్నీ. అవి మనమే దానికి ఇచ్చాం" అంది హైమవతి.

కాశమ్మ కాసేపు నేలకేసి చూసింది. కోపం జారిపోయి, గొంతు చిన్నదైంది.

"నా పెళ్ళయినకాణ్ణించీ తిన్నావా అని ఈ మనిసి ఒక్కనాడు అడగనేదమ్మా. సెడ్డోడు కాదు. మాట రాదంతే. ఏటకెళ్తే ఎళ్ళినట్టు, వస్తే వొచ్చినట్టు. ఈ పెట్టె వచ్చినాక రోజూ అడుగుతన్నాడు. నువ్వున్నావని బతికున్నానన్నాడు. ఇనీసరికి నా పేణం లేచొచ్చినట్టుండేది." ఆమె కళ్ళెత్తింది. "అదీ మిసనేనా?"

పరాంకుశం తల వంచుకున్నాడు.

"పోన్లెండి. ఆపరేసను మానీండి. పెట్టెని మాత్రం అలగే ఒగ్గీండి. ఎవులికేటి నష్టం? నాను ఇంటాను. నాకు సాలు."

"కాశమ్మా, బెంగెట్టుకోకు. నాను నీతోనే ఉన్నాను" అంది పెట్టె, అంతా వింటూ ఉన్నది కాబట్టి.

కాశమ్మ ఆ మాటకి అలవాటుగా భర్త మొహం వైపు తిరిగింది. అలా తిరగడం వల్లే, చాలా కాలానికి, అతని కళ్ళలోకి చూసింది. అవి తడిగా, ఎర్రగా, ఆమెనే చూస్తున్నాయి. కొట్టుకోవడం లేదు. ఆమె ఏమడుగుతుందోనని ఎదురుచూస్తున్నాయి.

ఆమె పాక్కుంటూ మంచం దగ్గరికి వెళ్ళి, అతని చెయ్యి పట్టుకుంది. పెట్టె రాకముందు అడిగినట్టే అడిగింది. "మావా. దాన్ని ఆపీమంటావా?"

ఒక్క రెప్ప పడింది.

ఆమె తల అతని చేతిమీద ఆనించి కాసేపు ఉంది. లేచి, మొహం తుడుచుకుని, "ఆపీమ్మా" అంది.

హైమవతి లాప్‌టాప్ తెరిచి ఊహ ప్రోగ్రామ్ ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. పెట్టె మౌనం దాల్చింది. అమ్మయ్య అనుకునే లోపలే, "హైమమ్మా, ఆపీకు. నాకు బాగానే ఉంది గదా" అంది మళ్ళీ.

కాశమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"భయపడకండి పిన్నీ. అది బతిమాలడం లేదు. ఎవరో ఏదో ఆపుతున్నారంటే మామూలుగా మనుషులు ఏమంటారో అదే అంటోంది" అంది హైమవతి. మళ్ళీ ఆపింది. మళ్ళీ లేచింది. "మీరందరూ ఉండగా నాకేటి..." అని సగంలో ఆగి, తిరిగి, "మీరందరూ ఉండగా" అని మొదలెట్టింది.

ఇది ఎందుకు జరుగుతోందో ఆమె ఎరుగును. పొరపాటున ఏ ప్రోగ్రామ్ కూలిపోయినా మనిషి గొంతు ఆగిపోకూడదని, సిస్టమ్‌లో ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. ఏది పడిపోతే దాన్ని లేపి నిలబెట్టడమే వాడి పని. ముందు ఊహని ఇంకెప్పుడూ లేపవద్దని ఆ కాపలాదారుకి చెప్పాలి. సెట్టింగుల ఫైలు తెరిచి ఆ మాట రాసింది, ఆ తర్వాత ఊహని ఆపింది.

"కాశమ్మా" అంది పెట్టె. ఇంకేమీ అనలేదు.

గది నిశ్శబ్దమైపోయింది. దూరంగా అలల హోరు, వీధిలో ఎండుచేపల తడికెలు తిరగేస్తున్న చప్పుడు. కాశమ్మ చెవులొగ్గి విన్నట్టు తల పక్కకి వంచి నిలబడింది. ఎవరో పోయిన ఇంట్లో నిలబడ్డట్టే ఉంది ఆమె వాలకం.

హైమవతి తీగ మార్చింది. సాకెట్‌లోని చిలుము గీకి, తుడిచి, గాలి తగలకుండా రబ్బరు తొడుగు వేసింది. కొత్త తీగ తగిలించింది. "బాబాయ్, ఇప్పుడు మీరే. నెమ్మదిగానే వస్తుంది. ఎంతసేపైనా ఫర్వాలేదు."

పెట్టెలోంచి గరగరమని ఏదో వచ్చింది. తర్వాత 'వ' అన్నట్టు ఒక శబ్దం. మళ్ళీ గరగర. అతని నుదురు చెమట పట్టింది. పరాంకుశం గోడకి ఆనుకుని నిలబడి, కదలకుండా వింటున్నాడు.

"వ... ద్దు."

"ఏటి వద్దు మావా? ఆపరేసనా?"

"వద్దు."

"దిండు ఎత్తమంటావా?"

"వద్దు."

"నీళ్ళు తడపనా పెదాలు?"

"వద్దు."

కాశమ్మకి అర్థమైంది. ఏదీ అక్కర్లేక కాదు, ఇన్నాళ్ళూ అననివ్వని మాట అది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆమెకి. "సరే, వద్దు. అన్నీ వద్దు" అని కొంగుతో అతని నుదురు తుడిచింది. తుడవటం మాత్రం అతను వద్దనలేదు.

*

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ ఇంట్లో 'వద్దు'ల కాలం నడిచింది. వాడకట్టు జనానికి ఎల్లాజీ కబుర్లంటే అలవాటైపోయింది. ఇప్పుడొచ్చి గంటసేపు కూర్చుంటే రెండు మాటలు కూడా దొరకవు. చూస్తుండగానే రావడం తగ్గించేశారు. కాశమ్మకి కూడా కష్టంగానే ఉండేది. పొయ్యి దగ్గర పనిచేసుకుంటూ, పాత మాటేదో వినబడుతుందని తల తిప్పేది. వినబడేది కాదు.

ఒకరోజు హైమవతి వచ్చినప్పుడు, ఆమె ఎదుటే భర్తని అడిగేసింది. "మావా, ఈ పెట్టె అన్న మాటల్లో నీవి ఏవైనా ఉన్నాయా?"

చాలాసేపు గరగర.

"కొ... న్ని."

"ఏవి?"

ఆ జవాబు రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. కాశమ్మ ఈసారి కంగారు పడలేదు. మంచం పట్టె మీద కూర్చుని, చేతిలో రొయ్యలు వలుచుకుంటూనే ఎదురుచూసింది.

"కోపంగా... అన్నయి... నావి."

ఆమె ఆలోచించింది. ఒకసారి సీరియల్ చప్పుడు తగ్గించమని కసురుకున్నాడు. ఒకసారి తమ్ముడు బోటు నడిపే తీరు తిట్టాడు. అంతే, ఇంకేమీ తట్టలేదు.

"ఓలమ్మ, ఎంత కోపిష్టోడివో అంత కోపిష్టోడివే" అని ఆమె గట్టిగా నవ్వింది. నవ్వి, తలొంచుకుని రొయ్యలు వలవడంలో పడింది. హైమవతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆపరేషన్ సంగతి పరాంకుశం మళ్ళీ మొదటినుంచి చెప్పి అడిగాడు. ఎల్లాజీ మూడు రోజులు ఆలోచించుకుని, ఇప్పటికి చాలన్నాడు. ఆయన తలూపి ఊరుకున్నాడు. ప్రయోగశాల మీద విచారణ వేశారు. కొత్త పెట్టెలు ఇవ్వడం ఆగిపోయింది. ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. ఆయన అన్ని ఇళ్ళకీ స్వయంగా వెళ్ళి జరిగింది చెప్పాడు. హైమవతి వెనకాలే వెళ్ళి ఊహని ఆపుతూ వచ్చింది. కొన్నిచోట్ల తిట్టారు. ఒక ఇంట్లో పెద్దాయన అప్పటికే పోయాడు. ఆయన ఆఖరి మాటలు పెట్టెలోంచే వచ్చాయి. ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, బెల్లు కొట్టాలా వద్దా అని వాళ్ళిద్దరూ ఎండలో చాలాసేపు నిలబడ్డారు. చివరికి పరాంకుశమే కొట్టాడు.

ఒప్పుకోనిది ఒక్క ఇల్లే, నరసన్నపేటలో. అక్కడ తులసమ్మ అనే ఆవిడ కూడా ఎల్లాజీలాగే మంచాన పడి ఉంది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొడుకు గోవర్ధన్ ఆవిడకి ఒక్కడే. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ చూసుకుంటున్నాడు. "మా అమ్మ హాయిగా మాట్లాడుతోందండీ. తీగ బాగుంది, పెట్టె బాగుంది. మీ యంత్రం ఇంకోచోట చెడిపోతే మా అమ్మ నోరు మూయిస్తారా?" అన్నాడు. తులసమ్మని రెప్పలతో అడిగి చూడమంటే, ఆమె ఎప్పుడూ అంత బాగా రెప్ప కొట్టలేకపోయేదని, దాన్ని నమ్మలేనని అన్నాడు. రెండుసార్లు వెళ్ళినా గేటు దగ్గరే పంపేశాడు.

ఆ సంగతి హైమవతి కాశమ్మతో చెబుతుంటే, పెట్టె గరగరలాడింది.

"నన్ను... తీసు... కెళ్ళు."

"ఎక్కడికి మావా? నరసన్నపేటా? అంతదూరం ఎలగెళ్తావు?" అంది కాశమ్మ.

"ఎళ్తా."

పరాంకుశం అంబులెన్స్ ఏర్పాటు చేశాడు. దారిపొడుగునా కాశమ్మ భర్త తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చక్రాల కుర్చీలో ఒంటికి పట్టీలు బిగించిన మనిషి, పక్కన అతని పెట్టె, వెనక అతని భార్య గేటు ముందు కనిపించేసరికి, గోవర్ధన్ పొమ్మనలేకపోయాడు. తలుపు తీశాడు.

తులసమ్మ మంచం హాల్లోనే ఉంది. ఉతికిన దుప్పటి, నున్నగా దువ్విన తెల్లజుట్టు. కొడుకు ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో గది చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ ముక్కులోంచి ఆహారం వెళ్ళే గొట్టానికి కూడా కొత్త పట్టీ అతికించి ఉంది. "ఈయన కుర్చీ ఇక్కడ ఆపుతాను" అని హైమవతి ఎల్లాజీ కుర్చీని ఆ మంచానికి ఎదురుగా ఆపింది.

"రండి రండి, కూర్చోండి" అంది తులసమ్మ పెట్టె, పంతులమ్మ గొంతుతో, స్పష్టంగా. "ఎండన పడొచ్చారు. కాఫీ తాగుతారా? బాబూ, వీళ్ళకి కాఫీ పెట్టు. ఆ కుర్చీలో ఉన్నాయనకి కాస్త చక్కెర ఎక్కువ వెయ్యి."

ఎల్లాజీ ముక్కులో కూడా అలాంటి గొట్టమే ఉంది. గోవర్ధన్ ఒకసారి ఆ గొట్టం వంక, ఒకసారి తల్లి వంక చూశాడు. తల్లి మంచం ఎల్లాజీకి తిన్నగా ఎదురుగా ఉంది. ఆవిడకి ఆ మనిషి కనిపిస్తూనే ఉన్నాడు.

"అలవాటు కొద్దీ అంది" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకపోయినా.

ఎల్లాజీ పెట్టె గరగరమంది. గోవర్ధన్ ఏదో అనబోయాడు. కాశమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆగు బాబూ. సెప్తన్నాడు."

అందరూ ఆగారు. గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎల్లాజీ నుదుటిమీద చెమట ముత్యాల్లా పేరుకుంది. గోవర్ధన్ మొదట విసుగ్గా నిలబడ్డాడు. తర్వాత ఇబ్బందిగా కదిలాడు. తర్వాత, తనకి తెలియకుండానే, ఆ మనిషి మాట కోసం ముందుకి వంగాడు.

"అమ్మ... న... డుగు" అన్నాడు ఎల్లాజీ.

గోవర్ధన్ అలవాటుగా పెట్టె వైపు తిరిగాడు. "అమ్మా, నీకు బాగానే ఉంది కదూ?"

"నాకేం నాయనా, బంగారంలాంటి కొడుకువి నువ్వుండగా" అంది పెట్టె.

అది మాట పూర్తిచేసేదాకా ఎల్లాజీ ఆగాడు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా ఆలస్యమైంది. అయినా ఎవరూ కదల్లేదు.

"దాన్ని... కాదు. అమ్మని."

గోవర్ధన్ పెట్టెకి వీపు పెట్టి, తల్లి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ మొహానికి తన మొహం దగ్గరగా పెట్టాడు. అతనేం చూశాడో వెనక ఉన్నవాళ్ళకి కనిపించలేదు. భుజాలు కదలడం మాత్రం కనిపించింది.

"దీన్ని ఎలా ఆపాలో చెప్పండి" అన్నాడు, తల తిప్పకుండా.